పడవ ఎవరి పేరు మీద ఉంది?

సంసారాన్ని నావతో పోల్చడం మనవాళ్ళకు తరతరాల అలవాటు. పెళ్ళి పందిట్లో పెద్దలు అక్షింతలు వేస్తూ అనే మాట అది. కోడలికి బుద్ధి చెప్పేటప్పుడు అత్తగారు వాడే మాటా అదే. కథలు రాసుకునే మాలాంటివాళ్ళకైతే మరీ అలవాటైన మాట. "సంసార నావను ఒడ్డుకు చేర్చేది ఇల్లాలేనమ్మా" అంటారు. అనేవాళ్ళలో చాలామంది తెడ్డు పట్టుకుని ఎరగరు. నాగార్జునకొండ చూడ్డానికి లాంచీ ఎక్కి, పల్లీలు తింటూ, ఫొటోలు దిగి వచ్చినవాళ్ళే ఎక్కువ. కానీ సంసారమంటే నిజంగానే ఒక పడవ అయిన ఇళ్ళు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఇల్లాలు తెడ్డు వేస్తుంది, వల లాగుతుంది, చేప అమ్ముతుంది. మరి ఆ పడవ ఎవరిది అని అడిగి చూడండి. జవాబు అంత సులువుగా రాదు.

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల్లో కాపురముండే మనకు సాగర్ అంటే ముందు గుర్తొచ్చేది ఎడమ కాలువ. నీళ్ళొదిలారా లేదా అన్నదాన్ని బట్టే మన నాట్లు, మన మిల్లుల చప్పుడు, మన ఇళ్ళలో పెళ్ళిళ్ళు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారని స్కూల్లో చదువుకున్నాం. 26 గేట్లు, 590 అడుగుల పూర్తి నీటిమట్టం అన్న లెక్కలు ఇక్కడ పిల్లలకు కూడా నోటికొచ్చు. గేట్లు ఎత్తారంటే చాలు, చుట్టాలను వెంటేసుకుని చూడ్డానికి బయల్దేరతాం. డ్యామ్ ముందు నిలబడి నురగలు చూసి మురిసిపోయి వస్తాం. డ్యామ్ వెనక నిలబడ్డ నీళ్ళ మీద ఎవరు బతుకుతున్నారో చూడ్డానికి ఎవరూ ప్రత్యేకంగా వెళ్ళరు.

ఆ వెనక నల్లమల గుట్టల మధ్య చేతివేళ్ళలా చీలి పరుచుకున్న నీళ్ళు. ఆ నీళ్ళ పక్కన మత్స్యకారుల గుడిసెలు, చిన్న చిన్న ఇళ్ళు. దేవరకొండ వైపు వెళ్తే వైజాగ్ కాలనీ అని ఒక ఊరే ఉంది. నల్గొండ జిల్లాలో వైజాగ్ ఏమిటా అని కొత్తవాళ్ళు నవ్వుతారు. డ్యామ్ రోజుల్లో విశాఖ తీరం నుంచి వచ్చి, నీళ్ళు నిండాక అక్కడే చేపలు పట్టుకుంటూ ఉండిపోయిన కుటుంబాల వల్ల వచ్చిన పేరది. ఇప్పుడక్కడ చేపల పులుసు తినడానికి హైదరాబాదు నుంచి కూడా కార్లలో వస్తున్నారు. 2014 జూన్ 2 తర్వాత ఎడమ గట్టు ఒక రాష్ట్రమైంది, కుడి గట్టు మరో రాష్ట్రమైంది. చేపకు ఆ సంగతి తెలియదు. వలేసేవాళ్ళకు మాత్రం తెలియక తప్పదు.

సముద్రం మీద వేటకు ఆడవాళ్ళు వెళ్ళడం మన తీరంలో అరుదు. అక్కడ మగవాడు వేటాడి తెస్తే ఆడది గంపకెత్తుకుని అమ్ముతుంది. జలాశయంలో లెక్క వేరు. ఇక్కడ పడవ చిన్నది. కూలి మనిషిని పెట్టుకుంటే వచ్చిన చేప అతని కూలికే చాలదు. అందుకని మొగుడూ పెళ్ళాం కలిసి నీళ్ళ మీదికి వెళ్తారు. ఒకరు వల చూసుకుంటే ఒకరు తెడ్డు పడతారు.

నాకు తెలిసిన ఒక జంట సంగతి చెబుతాను. పేర్లు వద్దు. ఇద్దరికీ యాభై అటూ ఇటూ. మొదట్లో వాళ్ళకు పుట్టి ఉండేది. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, బయట పట్టా కుట్టి, నీళ్ళు కారకుండా తారు పూస్తారు చూడండి, అదే. పుట్టిని తిన్నగా నడపడం అందరికీ రాదు. తెడ్డు సరిగ్గా పడకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. పెళ్ళైన కొత్తలో ఆమెకు అలాగే తిరిగిందట. "మూడు రోజులు కళ్ళు తిరిగాయమ్మా, నాలుగో రోజు అది నా మాట విన్నాది" అని నవ్వుతుంది. కొన్నేళ్ళ క్రితం పుట్టిని వదిలి చిన్న పడవ కొన్నారు. ఆ పడవకు కట్టిన డబ్బులో కొంత అప్పు, కొంత దాచుకున్నది, మిగిలింది ఆమె మెడలో గొలుసు తాకట్టు.

వాళ్ళ రోజు మన రోజులా తెల్లవారుజామున మొదలవదు. ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. పొద్దు వాలేటప్పుడు వెళ్ళి వలలు కట్టి వస్తారు. చీకటి విడవకముందే వెళ్ళి లాగుతారు. ఆలస్యమైతే వలలో చేప చచ్చి మెత్తబడుతుంది, ధర పడిపోతుంది. ఒకరోజు బొచ్చె, శీలావతి, వాలుగ నిండుగా పడతాయి. ఒకరోజు చేతికి నాలుగు జెల్లలు, వల నిండా చెత్త. గాలి లేచిందంటే గుట్టల మధ్య అలలు తన్నుకొస్తాయి. పైన శ్రీశైలం నుంచి నీళ్ళు వదిలినప్పుడు వాలు మారిపోతుంది, కట్టిన చోట వల ఉండదు. ఒడ్డుకొచ్చాక చేపను రకం వారీగా ఏరడం, ఐసులో పెట్టడం, అప్పిచ్చిన వ్యాపారి కాటా దగ్గర నిలబడి తూకం చూసుకోవడం ఆమె పని. ఇంటికెళ్ళి వంట, బట్టలు. మధ్యాహ్నం చిరిగిన వల ముందేసుకుని కూర్చుంటారు ఇద్దరూ. మనం టీవీ ముందు కూర్చుని బఠాణీలు వలిచినట్టు ఆమె వల కన్ను కన్నూ కలుపుతుంది.

ఇక ఆ ఇల్లు. ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా ఏదో ఒక పని సగంలో ఉంటుంది. ప్రభుత్వ పథకంలో వచ్చిన ఒక గది, దాని మీద స్లాబు. దాని ముందుకు రేకులు దించారు. ఒక ఏడాది గచ్చు, మరో ఏడాది స్నానాల గది, ఇంకో ఏడాది వంటగదిలో గట్టు. తాపీమేస్త్రీకి సగం కూలే ఇస్తారు. మిగతా సగం పని ఇద్దరూ చేసుకుంటారు. పాత పడవ చెక్కల్తో అతను అల్మారా కొట్టాడు. మిగిలిన సిమెంటుతో ఆమె గోడ మెత్తింది. ఆమెకు ఆ ఇంట్లో ఏ గోడ ఏ కాలానిదో గుర్తే. "ఈ అరుగు రొయ్యలది. ఆ గోడ బొచ్చెలది. ఆ ఏడు నీళ్ళు లేవు కదా, అందుకే కిటికీకి తలుపు లేదు" అని చూపిస్తుంది. ఎంత నిజం! 590 అడుగులు నిండిన ఏడాది ఆ ఇంటికి ఒక గోడ లేస్తుంది. మట్టం 510 అడుగుల దాకా దిగజారి, బురద తేలిన ఏడాది ఇల్లు ఉన్నచోటే ఆగిపోతుంది. 2024 ఆగస్టులో గేట్లు ఎత్తినప్పుడు మనం నురగలు చూడ్డానికి వెళ్ళాం. ఆమె మాత్రం ఈసారి కిటికీకి తలుపు వస్తుందా అని లెక్కలేసుకుంది.

పిల్లలు ముగ్గురూ పెద్దవాళ్ళయ్యారు. పెద్దబ్బాయి హైదరాబాదులో కారు నడుపుతున్నాడు. అమ్మాయిని కోదాడ వైపు ఇచ్చారు. చిన్నవాడు డిగ్రీ చదివి ఉద్యోగం చూసుకుంటున్నాడు. మన ఇళ్ళలో పిల్లలు ఎదిగి వెళ్ళిపోతే తల్లికి తీరిక దొరుకుతుంది. ఇల్లు బోసిపోయిందని కొన్నాళ్ళు బాధపడి, తర్వాత గుడికో, సంగీతం క్లాసుకో, నాలాగా కాగితం కలం పట్టుకునో కాలక్షేపం వెతుక్కుంటాం. పడవ ఉన్న ఇంట్లో అలా కాదు. పిల్లలు ఎదిగి వెళ్ళారంటే పడవలో ఒక జత చేతులు తగ్గినట్టు. పెద్దబ్బాయి ఉన్నన్నాళ్ళూ ఆమె వారానికి రెండు మూడు రోజులే నీళ్ళ మీదికి వెళ్ళేది. అతను వెళ్ళాక రోజూ వెళ్తోంది. యాభయ్యో ఏట, మోకాళ్ళు నొప్పులు మొదలయ్యే వయసులో, ఆమె పని పెరిగింది. పిల్లల చదువులు తల్లికి విశ్రాంతి తెస్తాయని మనం అనుకుంటాం. ఈ ఇంట్లో పిల్లలు చదువుకోగలిగింది తల్లి తెడ్డు పట్టబట్టే, వాళ్ళు వెళ్ళాక ఆ తెడ్డు వదలడానికి వీల్లేకపోయింది.

పిల్లలు చెడ్డవాళ్ళు కారు. "పడవ అమ్మేయండి, మా దగ్గరికి వచ్చేయండి" అంటారు పండక్కి వచ్చినప్పుడల్లా. ప్రేమతోనే అంటారు. తండ్రి గొణుగుతాడు. తల్లి మాత్రం ఒక ప్రశ్న వేస్తుంది. "వచ్చి ఏం చెయ్యాలిరా? ఇక్కడ నేను పడవ మనిషిని. అక్కడ నేనెవర్ని?" ఈ ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే మన దగ్గరా లేదు. ఎందుకంటే ఆమె తనను తాను పడవ మనిషినని అనుకుంటోంది గానీ, కాగితాల్లో అలా ఎక్కడా లేదు.

అసలు సంగతి ఇదే. ఒకరోజు మాటల మధ్యలో పడవ ఎవరి పేరు మీద ఉందక్కా అని అడిగాను. "ఇల్లు నా పేర్న ఉందమ్మా. పడవ ఆయన పేర్న. నీళ్ళు గవర్నమెంటు పేర్న" అంది. ఎంతో మామూలుగా అంది.

ఆ మాటలో మొదటి ముక్క వినడానికి సంతోషంగా ఉంటుంది. పేదల ఇళ్ళ పథకాల్లో ఇల్లాలి పేరు మీదే ఇల్లివ్వడం ఈ ముప్ఫై నలభై ఏళ్ళలో వచ్చిన మంచి మార్పు. గొడవ వస్తే భార్యను బయటికి గెంటడం అంత తేలిక కాదని మగవాళ్ళకు తెలిసొచ్చింది. మంచిదే. కానీ ఆలోచించండి. ఇల్లు తలదాచుకోవడానికి. అన్నం పెట్టేది పడవ. తలదాచుకునేది ఆమెకు రాసి, అన్నం పెట్టేది అతనికే ఉంచాం. పడవ కాగితం, జలాశయంలో చేపలు పట్టుకునే లైసెన్సు, మత్స్యకారుల సంఘంలో సభ్యత్వం, మూడూ అతని పేరునే ఉన్నాయి. గొలుసు ఆమెది, తెడ్డు ఆమెది, మోకాళ్ళ నొప్పులు ఆమెవి. పడవలో ఆమె సగమైతే కాగితంలో ఆమె సున్నా.

"ఒకే సంసారం కదా, ఎవరి పేరైతే ఏం?" అనేవాళ్ళున్నారు. ఆమె భర్త కూడా అదే అంటాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. వచ్చిన డబ్బు తెచ్చి ఆమె చేతిలోనే పెడతాడు. ఆ మాట అతను నమ్మే అంటున్నాడు. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిజం కూడా. కాగితం అవసరం పడేది సవ్యంగా లేని రోజునే. అతనికి జబ్బుచేసి ఏడాది పాటు నీళ్ళ మీదికి వెళ్ళలేకపోతే ఆ లైసెన్సు మీద ఆమె ఒక్కతే వెళ్ళి వలేయవచ్చా? సంఘం సమావేశంలో చేపపిల్లలు ఎప్పుడు వదలాలి, వ్యాపారి ధర ఎంత అని మాట్లాడేటప్పుడు ఆమెకు కుర్చీ ఉందా? 2018-19 బడ్జెట్ తర్వాత మత్స్యకారులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు. బ్యాంకులో ఆమె ఏమని చెప్పుకుని ఆ అప్పు అడగాలి? వేటలో ప్రమాదం జరిగితే బీమా ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద, నమోదైన మత్స్యకారుడు ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తాయని పెట్టారు. అక్కడ అసలు మాట 'నమోదైన' అన్నది. ఒకే పడవలో ఇద్దరుంటారు. అల వచ్చినప్పుడు అది కాగితం చూసి రాదు. అతను నమోదై, ఆమె కాకపోతే, ఒకే నీటిలో ఒకరి ప్రాణానికి లెక్క ఉంటుంది, మరొకరి ప్రాణానికి ఉండదు.

ఇంకో మాట. భర్త తర్వాత ఆ పడవ ఏమవుతుంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన మనిషి ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లి ఉంటే తల్లికి తలా ఒక సమాన వాటా. చట్టం మంచిదే. మన రాష్ట్రంలో 1985లోనే, దేశమంతటా 2005లో, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు హక్కు ఇచ్చిన సవరణలూ వచ్చాయి. కానీ పడవను ఆ లెక్కన పంచితే ఏమవుతుందో చూడండి. ఎప్పుడూ తెడ్డు పట్టని బిడ్డకు ఒక వాటా, పాతికేళ్ళు తెడ్డు పట్టిన తల్లికీ ఒక వాటా. సగం పడవ మొదటినుంచీ ఆమె పేరునే ఉంటే పంచుకోవలసింది మిగతా సగాన్నే. పిల్లలు మంచివాళ్ళే కావచ్చు. అయినా తల్లి బతుకు పిల్లల మంచితనం మీద ఆధారపడాలా, తన కష్టం మీద ఆధారపడాలా?

సాగర్ గురించి ఇంత మాట్లాడుకున్నాక ఒక పాత సంగతి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు ఆమె పడవ తిరిగే నీళ్ళ అడుగున ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. డ్యామ్ నీళ్ళు రాకముందే అక్కడ తవ్వి తీసిన శిల్పాలు, శాసనాలను నాగార్జునకొండ మ్యూజియంలో పెట్టారు. సుమారు 1,700 ఏళ్ళ నాటి ఆ శాసనాల్లో ఆడవాళ్ళ పేర్లు ఎన్నో ఉన్నాయి. మహాచైత్యానికి స్తంభాలు దానం చేసిన చాంతిసిరి రాజుగారి సోదరి. ఉపాసిక బోధిసిరి రాజవంశం కాదు, గృహస్థుల ఇంటి ఆడపడుచు. తను చేసిన దానాల జాబితాతో పాటు తల్లిదండ్రులు, భర్త, తోబుట్టువులు, బిడ్డలు అందరి పేర్లూ రాయించి, దాత చోట తన పేరు పెట్టించుకుంది. భర్త ఉండగానే, భర్త పేరు పక్కనే. దానివల్ల ఆ సంసారం చెడిపోయిందని ఏ శాసనమూ చెప్పడం లేదు! అన్నేళ్ళ క్రితం రాతి మీద ఎక్కిన ఆడవాళ్ళ పేరు ఇప్పుడు ఒక లైసెన్సు కాగితం మీద ఎక్కడానికి ఎందుకింత బరువవుతోంది?

బాధపడి ఊరుకుంటే లాభం లేదు. చేయదగ్గ పనులున్నాయి. పడవ మీద భార్యాభర్తలిద్దరూ పనిచేసే చోట లైసెన్సు ఇద్దరి పేరునా ఇవ్వాలని మత్స్యశాఖను అడగాలి. దరఖాస్తులో మరో గడి పెడితే ఖజానాకు వచ్చే నష్టం లేదు. సంఘాల్లో వేటకు వెళ్ళే ఆడవాళ్ళకు సొంతంగా సభ్యత్వం, ఓటు ఉండాలి. చేపలమ్మే మహిళల సంఘాలు ఇప్పటికే ఉన్నాయి. కానీ చేప పట్టే ఆడది, అమ్మే ఆడది రెండు వేర్వేరు మనుషులన్నట్టు చూడటం మానాలి. 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో 'వృత్తి' అన్నచోట 'గృహిణి' అనో, 'ఏమీ లేదు' అనో రాయించుకోకుండా 'చేపల వేట' అని రాయించుకోవాలి. మన ఊళ్ళో చదువుకున్న అమ్మాయిలు కాలేజీ సెలవుల్లో ఒక పూట వెళ్ళి ఆ ఫారాలు నింపిపెడితే చాలు, అదే పెద్ద సాయం.

పథకాలు తెలిసినవాళ్ళకు మరో లెక్క కూడా తెలుసు. ఇందాక చెప్పిన మత్స్య సంపద యోజనలో సాధారణ లబ్ధిదారులకు 40 శాతం సబ్సిడీ అయితే, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం అని పెట్టారు. అంటే పడవో, ఐసు పెట్టో ఇల్లాలి పేరున తీసుకుంటే ఇంటికే లాభం. "ఎవరి పేరైతే ఏం" అనే భర్తలకు ఇది చెప్పి చూడండి. ఎవరి పేరైనా ఒకటే అయినప్పుడు ఆమె పేరైతే మాత్రం ఏం? ఒక్క షరతు. సబ్సిడీ కోసం ఆమె పేరు రాసి, ఆ కాగితం ఆమెకు చూపించకుండా పెట్టెలో దాచేస్తే అది పేరు కాదు, వేలిముద్ర మాత్రమే.

ఇదంతా చేపలు పట్టేవాళ్ళ గొడవ, మనకెందుకులే అని ఎవరైనా పేజీ తిప్పబోతున్నారేమో, ఒక్క నిమిషం. కిరాణా కొట్లో భర్తతో సమానంగా పొట్లాలు కట్టే ఇల్లాలు మన వీధిలోనే ఉంది. కొట్టు లైసెన్సు ఎవరి పేరున ఉంది? నాటు వేసి, కలుపు తీసి, కోత కోసే ఆడమనిషి ఎడమ కాలువ కింద ప్రతి ఊళ్ళోనూ ఉంది. పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది? పాలు పిండేది ఆమె, పాల డబ్బు పడే ఖాతా ఎవరిది? జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు మన ఇంట్లో మగవాళ్ళు "ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అని చెప్తే ఎంతమందిమి వంటింట్లోంచి బయటికి వచ్చి "కాదండీ, నేనూ పని చేస్తాను" అన్నాం?

అందుకని ఈ వారం పాఠకురాళ్ళకు నాదొక చిన్న మనవి. మధ్యాహ్నం పని తెమిలాక బీరువా తెరవండి. కాగితాల సంచీ బయటికి తీసి మంచమ్మీద పరచండి. ఇంటి పన్ను రశీదు, పాసు పుస్తకం, కొట్టు లైసెన్సు, బ్యాంకు పుస్తకం, బీమా పాలసీ ఒక్కొక్కటీ చదవండి. మీ చేతుల కష్టం ఉన్న ప్రతి కాగితంలో మీ పేరు ఉందేమో వెతకండి. ఉంటే సంతోషం. లేకపోతే సాయంత్రం ఆయన టీ తాగేటప్పుడు, కోపం లేకుండా, కన్నీళ్ళు లేకుండా, ఆ కాగితం పక్కన పెట్టి "దీంట్లో నా పేరు ఎప్పుడు రాయిద్దాం?" అని అడగండి. మంచి సంసారానికి ఆ ప్రశ్న వల్ల వచ్చే ప్రమాదం ఏమీ లేదు.